బాల్కనీ కమ్మీలు, ఓబులేసు మేస్త్రి ప్రశ్న

ఈ పొద్దు ఎర్రగుంట్లలో మా చిన్నాయన ఇంటికి స్లాబు వేసినారు. ఇంట్లోనే ఇంజనీరు ఉండగా బయటోళ్లెందుకని టెంకాయ నా చేత కొట్టించినారు. నేను సివిల్‌లో ఎంటెక్ రెండో సంవత్సరం. టెంకాయతోనే నా ఇంజనీరింగు అయిపోయిందనుకున్నా.

పైకెక్కి చూస్తే బాల్కనీ స్లాబు లోపల కట్టిన ఇనుప కమ్మీలు కూలీలు తొక్కి తొక్కి అడుక్కి అణిగిపోయి ఉండాయి. బయటికి పొడుచుకొచ్చే బాల్కనీకి కమ్మీలు పైభాగంలో ఉండాల. లేకుంటే ఏదో ఒకరోజు విరిగి పడుతుంది. భయపడుతూనే ఓబులేసు మేస్త్రికి చెప్పినా. కసురుకుంటాడనుకుంటే, ఆయన వంగి చూసి, కాంక్రీటు ఆపించి, కమ్మీలన్నీ పైకి లేపి మళ్లా కట్టించినాడు.

తర్వాత టీ తాగుతా అడిగినాడు.

"ఇంత తెలిసినదానివి, ఇంకా ఆ కాలేజీలో ఏం చేస్తాండావు పాపా?"

"సైటు అనుభవం లేకుంటే పనిలోకి తీసుకోరన్నా. పనే ఇయ్యకుంటే అనుభవం యాడ నుంచి వస్తాది? అందుకే చదువుతాండా."

"చదివితే వస్తాదా?"

నేను ఖాళీ గ్లాసులు ఏరుకొని లోపలికి పోయినా.

రేపు తొమ్మిదికి నాకు పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. ఎందుకు చేరుతున్నావని వాళ్లూ అడుగుతారు. వాళ్లకు చెప్పాల్సింది నెల నుంచి బట్టీ పడుతున్నా, తడుముకోకుండా చెప్పేస్తా. మేస్త్రికి ఏం చెప్పాలో మీలో ఎవరికన్నా తెలిస్తే కామెంట్లో పెట్టండి. తొమ్మిది లోపల పెడితే మేలు.