అన్న పరిచిన గచ్చు మీద నీళ్లు

దెయ్యాలున్నాయనే వాళ్లతో టీ కొట్టు దగ్గర జీవితమంతా పోట్లాడినవాణ్ణి నేను. బడికి పోలేదు గానీ, దొరికిన పుస్తకమల్లా చదివి, కారణం లేకుండా ఏదీ జరగదని తేల్చుకున్నవాణ్ణి. కిందటి చలికాలం పగలు పదకొండింటికి జరిగినది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

భిలాయిలో ఉక్కు కార్ఖానా లేస్తున్న రోజుల్లో విదేశీ ఇంజనీర్ల కోసం ఒక పెద్ద హోటలు కట్టారు. దాని హాల్లో మొజాయిక్ పరిచింది మా అన్న అప్పన్న. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి క్యాంప్ 1 అనే కూలీల బస్తీలో ఉండేవాళ్లం. అన్న పరుస్తుంటే నేను పాలిష్ రాయి రుద్దేవాణ్ణి.

పని ముగిశాక అన్న చెంబుతో నీళ్లు వదిలేవాడు. అవి ఎక్కడా నిలవకుండా గుమ్మం వైపు పోతేనే గచ్చు గచ్చు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ప్రతి గచ్చులోనూ ఒకచోట అమ్మ చేతి గాజులు పగిలితే దాచిన ముక్కలు, ఆకుపచ్చవి, ఐదు పొదిగేవాడు.

ఆ హాలు తెరిచిన నెలకే అన్న జ్వరంతో పోయాడు. పెళ్లి కాలేదు. ఒక్క ఫొటో లేదు. అతనిదంటూ మిగిలింది ఆ గచ్చే.

తర్వాత ఏళ్ల తరబడి హోటలుకు తాళం. ఇప్పుడెవరో కొని, పైన దీపాల గుత్తులు వేలాడదీసి, మళ్లీ తెరిచారు. లోపలి గోడ మీద హోటలు చరిత్ర రాయించారు. ఏ దొర ఏ గదిలో పడుకున్నాడో, ఏం తిన్నాడో అన్నీ ఉన్నాయి. గచ్చు గురించి ఒకే మాట: విదేశీ నిపుణుల పనితనం. గచ్చు చూద్దామని పోయి అది చదివేసరికి ఒళ్లు మండిపోయింది. మరి చర్మం ఊడిన ఈ చేతులు ఎవరివి?

మేనేజరు సునీత మా క్యాంపు పిల్లే. "నాకు యకీన్ ఉంది తాతా, నమ్ముతాను. కానీ హెడ్డాఫీసుకి ప్రూఫ్ కావాలి కదా. ఏటైనా ఉందా?" అంది.

గాజుముక్కల సంగతి చెప్పాను. తూర్పు మూలలో ఉంటాయని గట్టిగా అన్నాను. తివాచీ ఎత్తించింది. లేవు.

"ఏటి తాతా, మూల మరిచిపోనావా?" అని నవ్వింది. అన్న రెండోసారి పోయినట్టనిపించింది.

గుమ్మం దగ్గర కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. తాగబోతే గ్లాసు జారింది. నీళ్లు గుమ్మం వైపు పోలేదు. సన్నటి తాడులా లోపలికి సాగి, మూడో స్తంభం దాకా వెళ్లి ఆగాయి. తుడవడానికొచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "పానీ ఉల్టా జాత్ హే, దాదా," అన్నాడు. నీళ్లు వెనక్కి పోతున్నాయట.

స్తంభం మొదట్లో పూలకుండీ ఉంది. జరిపారు. దాని కింద ఐదు ఆకుపచ్చ గాజుముక్కలు.

సునీత అదే చోట మళ్లీ నీళ్లు పోయించింది. గుమ్మం వైపు పోయాయి. మూడుసార్లు పోయించినా అంతే. చివరికి మేస్త్రిని పిలిచి వాలు చూసే రసమట్టం పెట్టించింది. వాలు గుమ్మానికే.

ఇప్పుడు గోడ మీద అన్న పేరుంది. మూల తప్పు చెప్పింది నా మతిమరుపే, ఒప్పుకుంటాను. నీళ్ల మాటకొస్తే, ఎక్కడో వాలు చెడి ఉంటుందని చదువుకున్నవాళ్లు నాకు నచ్చజెప్పబోయారు. ఆ ఒక్క మాట ఒప్పుకుంటే టీ కొట్టు దగ్గర నేను వాదించిందంతా నిలబడుతుంది. కానీ మా అన్న వాలు చెడిన గచ్చు ఎన్నడూ పరచలేదు.