మా పెదనాయన నిద్రపోయాడా?

మా పెదనాయన నిద్రలోనే పోయాడని మొన్న ముదిగుబ్బ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. కంటికి కునుకు లేదని ఏళ్ల తరబడి చెప్పిన మనిషి నిద్రలో ఎలా పోతాడు? "సరిగ్గా చూసినావా పెద్దమ్మా?" అన్నాను. అవతల ఏడుపే వినిపించింది.

ఆయన గొర్రెల కాపరి. అనుమానం మనిషి కూడా. సంతలో గొర్రె పళ్లు చూసినట్టు, డాక్టరిచ్చిన మాత్రను తిప్పి తిప్పి చూసేవాడు. నాకూ ఆ గుణమే వచ్చింది. అందుకే ఆయన నిద్రలేమినే అనుమానించాను. పెద్దమ్మయితే ముఖం మీదే అనేది: "అంతా అబద్ధం! రాత్రంతా గుర్రు పెడ్తానే ఉంటాడు. పొద్దున్నే నిద్ర లేదంటాడు." ఆ మాటకు ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నిద్ర రాకపోవడం కన్నా, ఇంట్లో ఒక్కరూ నమ్మకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ.

ఏదో ఒకటి తేల్చుకుందామని ఇద్దరినీ అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్లాను. నిద్రలో మెదడు ఏం చేస్తుందో కొలిచే పరీక్ష. తలంతా వైర్లు అంటించారు.

"మనసులో అనుకునేది గూడా ఇందులో పడ్తాదా?" అన్నాడు.

కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి నవ్వింది. "పడదు తాతా. నేను పక్కగదిలో రాత్రంతా మేలుకోని చూస్తాంటా. భయపడాకండి."

పొద్దున డాక్టరు గీతలు చూపించాడు. హాయిగా నిద్రపోయాడట!

"చూసినావా!" అంది పెద్దమ్మ. దొరికిపోయాడనే నేనూ అనుకున్నాను.

ఆయన తగ్గలేదు. "మిషనూ అబద్ధం చెప్పలా, నేనూ చెప్పలా. ఆ పాప మేలుకోని ఉండె గదప్పా. నా వంతు గాదు. పండుకుంటి."

రాత్రి మందను చేలో ఆపినప్పుడు కాపరులు వంతులేసుకుని కాపలా కాస్తారు; ఒకరు మేలుకుంటేనే ఇంకొకరు పడుకుంటారు. ఆయనతో వంతు పంచుకున్నది మా నాయన. నాయన పోయాడు, గొర్రెలనూ అమ్మేశారు. అయినా పెదనాయన ఇద్దరి వంతూ తనే కాస్తున్నాడు. ఇంట్లో గుర్రు పెడుతున్నా మెదడు కొంత మేలుకునే ఉండొచ్చని, ఒక్క రాత్రితో ఏదీ తేల్చలేమని డాక్టరూ ఒప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ మళ్లీ ఆయన్ను ఆ మాట అనలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను.

"పండుకో పెదనాయనా, నేను చూస్తాంటా."

"నువ్వా? సెల్లు చూసుకుంటా కూర్చుంటావు."

సెల్లు తీసి ఆయన దిండు కింద పెట్టాను. కంబళి ముఖం మీదికి లాక్కున్నాడు. కాసేపటికి దాని అంచు కొంచెం లేచింది. ఒక కన్ను నన్ను పరీక్షగా చూసింది. నేను కదల్లేదు. అంచు మెల్లగా కిందికి దిగింది.