పెంకు మీది నిప్పు

‘వార్త కార్చిచ్చులా పాకింది’ అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. రాసినాయన కార్చిచ్చును ఎన్నడైనా చూశాడా? మా చర్ల వైపు ఊళ్ళలో ఆ మాటే ఎవరూ అనరు. ‘అడవి అంటుకుంది’ అంటారు, అంటూనే పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తుతారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఎండాకాలం అడవి అలాగే అంటుకుంది. నిప్పు పెట్టింది మా అమ్మ.

కావాలని కాదు. ఇప్పపూలు రాలే ముందు మా దగ్గర ఎవరి చెట్టు కింద వాళ్ళు ఎండుటాకులు ఊడ్చి కాలుస్తారు. నేల తేటగా ఉంటేనే తెల్లారేసరికి రాలిన పూలు కనపడతాయి. ఆ పని మంచు ఆరకముందే కావాలి, బూడిద చల్లారేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఆరోజు ఆదివారం. అమ్మ చర్చికి పోయి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. “రేపు చేద్దామే” అన్నాను.

“రేపటిదాకా పూలు మన కోసం ఆగుతయా? పొరక ఇటియ్యి.”

గాలి ఎటునుంచి లేచిందో ఏమో! ఊడ్చిన జాగా దాటి మంట వెదురు పొదల్లో పడింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఊరంతా వచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసరికి పక్కింటి అత్త ఇప్పచెట్టు కమిలిపోయింది. మొగ్గలన్నీ మాడిపోయాయి. అత్తకు భర్త లేడు. ఆ పూలు అమ్ముకుంటేనే ఆమెకు ఏడాదంతా ఉప్పూ నూనే. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఫారెస్టు గార్డు వచ్చి ఊరిని నిలబెట్టాడు. “నిప్పు లేనిదే పొగ రాదు గదా! ఎవరు పెట్టిండ్రు?” అని, అత్త వైపు తిరిగాడు. “కాలింది నీ చెట్టే. నువ్వు చెప్పు.”

అమ్మను తీసుకుపోతారని నేను ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాను.

“బాట పొంటి ఎవడో బీడీ తాగుకుంట పోయిండు సారూ. మొఖం చూడలే” అంది అత్త.

మా ఊళ్ళో పొద్దుగూకితే పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకోవడం అలవాటు. అత్త రోజూ మా ఇంటికే పెంకు పట్టుకుని వచ్చేది. “వదినె, జర నిప్పియ్యి” అని కూలబడి, లోకంలోని ముచ్చట్లన్నీ చెప్పి గానీ లేచేది కాదు. ఆ సాయంత్రం రాలేదు. అమ్మ చూసి చూసి, తానే పెంకు మీద నిప్పులు పెట్టుకుని బయల్దేరింది. వెనకే నేను.

అత్త పొయ్యి ముందు ఉంది. చేతిలో కొత్త అగ్గిపెట్టె.

“వదినె, నిప్పు తెచ్చిన” అంది అమ్మ.

“పిల్లల తల్లివి, నిన్ను గార్డుకు పట్టిస్తనా? గానీ నీ పొయ్యిల నిప్పు ఇగ నాకొద్దు వదినె” అని అత్త పుల్ల గీసింది.

అమ్మ ఏడుస్తూ ఆ పెంకును ఇంటికి మోసుకొచ్చింది.

మరుసటేడు ఇప్పపూల కాలానికి అమ్మ చెట్టు కింద నిప్పు పెట్టలేదు. ఎండుటాకులన్నీ వంగి చేతులతో ఏరి గంపలకెత్తింది. మా చెట్టు కింద అయ్యాక అత్త చెట్టు కిందా ఏరింది. అత్త చూసింది, వద్దనలేదు. సాయంత్రం నిప్పుకు మాత్రం రాలేదు.