రిలీవరు రాని డ్యూటీ

ఆ రోజుల్లో నాయకత్వం గురించి నాకు తెలిసినంతగా దేశంలో ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. (తెలిసినవాళ్లందరినీ తెల్లవాళ్లు జైళ్లలో పెడుతున్నారు కనక పోటీ కూడా తక్కువే.) నాకప్పుడు ఇరవై రెండేళ్లు, బిలాస్‌పూర్ లోకోషెడ్ ఆఫీసులో గుమాస్తాని. మా రైల్వే కాలనీ తెలుగువాళ్లంతా కలిసి, ఏడాదికి ఒక్క పిల్లనో పిల్లాడినో నాగపూరు పంపి యూనివర్సిటీ చదువు చెప్పించాలని ఒక స్కాలర్‌షిప్ పెట్టారు. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే అవడంతో కార్యదర్శి పదవి నా నెత్తిన పడింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? స్కాలర్‌షిప్ కావాలంటే ముందు నాయకులవ్వాలని రూలు పెట్టి, ప్రతి ఆదివారం పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు మొదలెట్టాను.

నాకు తెలిసిన విద్య రైల్వే విద్య ఒక్కటే, అదే చెప్పాను. "నాయకుడంటే ఛార్జి తీసుకున్నవాడు. తరవాతి డ్యూటీకి రిలీవరు వచ్చి పుస్తకంలో సంతకం పెట్టేదాకా ప్రాణం పోయినా చోటు కదలకూడదు!" అని బల్ల గుద్దేవాణ్ణి. అందుకని ఒక ఛార్జి పుస్తకం కూడా కుట్టించాను. వారానికొకరు నాయకత్వం పుచ్చుకుని అందులో తెలుగులో సంతకం పెట్టేవారు. పదిమందిలోనూ చురుకైనది డ్రైవరు మావయ్య కూతురు. ఏం అడిగినా చెయ్యి టక్కున పైకి లేచేది కనక దాన్ని అందరం సిగ్నల్ అనేవాళ్లం. ఆ ఏడు స్కాలర్‌షిప్ దానికేనని ఖాయమైపోయింది, మా షెడ్డు పెద్ద దొరగారి సంతకమే తరువాయి. ఆయన పెట్టిన షరతూ ఒక్కటే: గొడవల్లో పేరు పోలీసు రికార్డుల్లోకెక్కితే చదువు లేదు.

సరిగ్గా ఆ వారమే పెద్ద నాయకుల్ని పట్టుకుపోయారన్న కబురొచ్చి ఊరు అట్టుడికిపోయింది. నా శిష్యులు బడి గేటు ముందు బైఠాయించారని ఎవరో చెబితే, కాగితాలు ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తాను. ఎండలో బారుగా కూర్చున్నారు పదిమందీ. మధ్యలో, ఒళ్లో ఛార్జి పుస్తకంతో సిగ్నల్!

"ఏటే ఇది? పోలీసులొస్తన్నారంట. లెగు, ఇంటికి నడు!" అన్నాను.

"ఎలాగెల్తాను మాస్టారూ? ఈ వారం ఛార్జి నాది కదేటి. రిలీవరు సంతకం పెట్టకండా కదలొద్దని మీరే సెప్పేరు కదా."

"అచ్ఛా! నీ స్కాలర్‌షిప్ ఏటవుద్దో తెలుసా?"

"తెల్సండి," అంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి గానీ మనిషి మాత్రం అంగుళం కదల్లేదు. నేను అంత బాగా పాఠం చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అంతలో వీధి మలుపులో పోలీసుల ఎర్ర టోపీలు కనిపించాయి. నాకు ముచ్చెమటలు పట్టాయి. "ఇలా తే!" అని పుస్తకం లాక్కుని, వెనకా ముందూ చూడకుండా సంతకం గీకేశాను. అదీ ఇంగ్లీషులో, ఆఫీసులో పెట్టినట్టే, కింద రెండు గీతలతో సహా. సిగ్నల్ నాకొక సలాం కొట్టి, సంచీ దులుపుకుని, నెమ్మదిగా ఇంటికి వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగితే మిగతా తొమ్మిదిమందీ నావైపే చూస్తున్నారు. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది.

"లీడర్ కౌన్ హై?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తొమ్మిది వేళ్లు నావైపు తిరిగాయి. (రూలు రూలే కదా.) పుస్తకంలో ఆయన చదవగలిగింది నా పేరొక్కటే. పై గడిలో ఉన్న సిగ్నల్ తెలుగు సంతకం మీద లాఠీ ఆనించి, "ఔర్ యే?" అన్నాడు, మరి ఇదెవరిదని. నిజం చెప్పొద్దూ, చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఉద్యోగం, ఇంట్లో అమ్మ, అన్నీ కళ్లముందు తిరిగాయి. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం, "వో భీ మై హూఁ సాబ్. ఘర్ కా నామ్," అని, అదీ నేనేనని, ఇంట్లో పిలిచే పేరని! ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

పిల్లల్ని బెదిరించి ఇళ్లకు తరిమేసి, నన్ను సాయంత్రందాకా ఠాణాలో కూర్చోబెట్టారు. ఆర్నెల్లు ఆఫీసు బల్ల పోయి బొగ్గు డంపు దగ్గర డ్యూటీ పడింది. దొరగారి సంతకం పడింది, ఠాణావాళ్లు గిరాటేసిన ఛార్జి పుస్తకం పట్టుకుని సిగ్నల్ నాగపూరు బండెక్కింది. కాలనీలో నేను వీరుణ్ణయిపోయాను. భయంతో పెట్టిన సంతకమని నేనూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న వేసవిలో సిగ్నల్ మా ఇంటికొచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయింది, జుట్టంతా నెరిసింది. సంచీలోంచి ఆ పుస్తకమే తీసింది! నా సంతకం కింద గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"మాస్టారూ, ఇన్నాళ్లూ మీరు డ్యూటీలోనే ఉన్నారు. రిలీవ్ సేసీమంటారేటి?" అంది, పెన్ను మూత తీసి.

నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఆ ఖాళీ గడివైపు కాసేపు చూసి, పుస్తకం మూసేశాను.

"వద్దులేమ్మా," అన్నాను. "ఇంకొన్నాళ్లు ఉండనీ."