నక్షత్రం దాటేదాకా

కొర్రమీను నీళ్ళ బయట గంటల తరబడి బతుకుతుంది. కొనేవాళ్ళకు కావలసిందీ అదే. గంపలో కొట్టుకుంటుంటేనే తాజా సరుకని వాళ్ళ నమ్మకం. మా నాయిన మాత్రం శామీర్‌పేట చెరువులో పట్టిన ప్రతి కొర్రమీనునూ ఒడ్డుకు రాగానే తలమీద కట్టెతో ఒక్కటి వేసి, అప్పుడు గంపలో పడేసేవాడు. అందుకు తోటివాళ్ళు నవ్వేవాళ్ళు.

"సచ్చేది సచ్చేదే. గింతసేపు సావాల్నా అది?" అనేవాడు.

ఒకసారి అల్వాల్‌లో మా చుట్టం ఒకాయనను చూసి వస్తున్నాం. ముక్కులో పైపు, గొంతులో పైపు, ఏడు నెలలుగా మంచంలో ఉన్నాడాయన. బస్సు తూముకుంట దాటాక నాయిన నా వైపు తిరిగాడు.

"నన్ను గట్ల పండవెట్టనియ్యకు బిడ్డా. నీ తమ్ముడు భయస్తుడు. నీకు నోరున్నది."

అట్లాగే అన్నాను. మేడ్చల్ జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేదాన్ని. వారానికి అయిదు రోజులు పౌరుడి హక్కులు వల్లెవేసే మనిషికి ఆ మాట అనడం ఎంత తేలిక!

రెండేళ్ళకు నాయినకు మెదడులో రక్తనాళం చిట్లింది. తమ్ముడు హైవే మీది ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. నేను వెళ్ళేసరికే గొంతులో పైపు ఉంది, పక్కన ఊపిరి పోసే యంత్రం ఉంది. తొమ్మిదో రోజు డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచి, ఇక కోలుకోడని చెప్పాడు.

అయితే పైపు తీసేయండి అన్నాను. మేం తీయకూడదమ్మా, మీ ఇష్టంతో తీసుకెళ్తున్నామని రాసిచ్చి ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు.

"ఇక్కడ తీస్తే నేరం, మా ఇంట్లో తీస్తే ఇష్టమా డాక్టరుగారూ?"

ఆయన కాగితం నా ముందుకు జరిపాడు. తమ్ముడు పెన్ను నా వైపు తోశాడు. సంతకం నేనే పెట్టాను. నాయినకిచ్చిన మాట నిలబెట్టుకున్నానని అప్పుడు అనుకున్నాను.

అంబులెన్సులో యంత్రం ఉండదు. గొంతులోని పైపుకు ఒక రబ్బరు సంచి తగిలించి, దాన్ని ఒక పెద్దమనిషి చేత్తో నొక్కుతూ కూర్చున్నాడు. ఆయన నొక్కినప్పుడల్లా నాయిన ఛాతీ లేచేది. పదకొండింటికి ఊళ్ళో మా ఇంటికి చేరాం. ముందు గదిలో చాపమీద పడుకోబెట్టాం. పైపు ఇక తీసెయ్యాలా అని సంచి నొక్కే ఆయన అడిగాడు.

"ఆగు," అన్నాడు మా పెద్దనాయిన.

ఆయన అప్పటికే పంతులుకు ఫోన్ చేశాడు. మూడూ యాభై దాకా విశాఖ నక్షత్రం. అందులో ప్రాణం పోతే రెండు నెలలు ఇల్లు మూసి వెళ్ళిపోవాలి. దాటితే అనూరాధ, ఏ దోషమూ లేదు.

నేను మామూలుగానే విరుచుకుపడ్డాను. పంచాంగం చూసి మనిషిని చంపుతారా, పంచాంగం చూసి బతికిస్తారా అని అడిగాను. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డ తన భార్యను చూపించాడు. ఆమెకు తొమ్మిదో నెల.

"నీకు మేడ్చల్‌ల ఇల్లున్నదక్కా. మేమేడికి పోవాలె? గసుంటి ఇంటోళ్ళని పురుటికి ఎవలు రానిస్తరు?"

మా ఇంటికి రండి అని నేను అనలేదు. అద్దె ఇల్లు, ఓనరు ఒప్పుకోడు అని మనసులో చెప్పుకున్నాను. ఓనరును నేను అడిగిందీ లేదు.

అంబులెన్సు మనిషి ఎట్లా నొక్కాలో మాకు నేర్పించి, సంచి రేపు తెచ్చివ్వమని చెప్పి వెళ్ళిపోయాడు. తలా ఇంతసేపని వంతులు వేసుకున్నాం. ఎండ వాకిట్లోంచి గడప మీదికి వచ్చింది. బయట పాడెకు వెదురు చీలుస్తున్నారు. ఆ చప్పుడూ, సంచి చప్పుడూ ఒకదాని వెంట ఒకటి వినిపించేవి. అవతల చావుకు సిద్ధం చేస్తూ, ఇవతల ఊపిరి పోస్తున్నా, ఇందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు.

మూడింటికి నా వంతు వచ్చింది. గదిలో నేను, నాయిన పాదాల దగ్గర అమ్మ. నేను నొక్కినప్పుడల్లా నాయిన నొసలు ముడిపడుతోంది. మొదట నా భ్రమ అనుకున్నాను. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ముడిపడింది. గోడ గడియారం మూడూ ఇరవై అయిదు చూపిస్తోంది.

సంచిమీద చెయ్యి అట్లాగే ఉంచాను. నొక్కలేదు.

నాయిన నొసలు నెమ్మదిగా విడింది. అమ్మ తల ఎత్తలేదు. ఆ ఇరవై అయిదు నిమిషాలూ నేను నొక్కని సంచి పట్టుకుని కూర్చున్నాను. దుప్పటి మెడదాకా కప్పి ఉంది, ఛాతీ లేవని సంగతి పైకి తెలియలేదు. గడియారం చూసుకుని తమ్ముడు లోపలికి వచ్చాడు.

"ఇగ సాలక్కా."

"సరే," అని చెయ్యి తీశాను.

మంచి నక్షత్రం చూసుకుని పోయిండని ఊరంతా మెచ్చుకుంది. పదిహేను రోజులకు అదే ఇంట్లో మరదలికి ఆడపిల్ల పుట్టింది.

నాకు నక్షత్రాల మీద నమ్మకం లేదు. ఆ మాట ఎక్కడైనా, ఎవరితోనైనా వాదించగలను. కానీ పాపకు రెండో ఏడు వచ్చింది మొదలు జ్వరమొస్తే ఫిట్స్ వస్తున్నాయి. చిన్నపిల్లల్లో మామూలే, వయసుతో పోతాయని డాక్టరు అన్నాడు. ఆ చీటీ నేనే చదివి వాళ్ళకు విడమరిచి చెప్పాను. క్లాసులో పాఠంలా చెప్పాను, గొంతు తడబడకుండా.

మొన్న వెళ్ళేసరికి పాప ఒళ్ళు కాలిపోతోంది. తడిగుడ్డ పిండి నుదుటిమీద వేయబోయాను. అమ్మ నా చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసి, గుడ్డ మెల్లగా తీసుకుంది.

"నువ్వు ముట్టకు బిడ్డా. నేను జూస్కుంట."