ఎవరి జోలికీ పోని పోసవ్వ

బాన్సువాడ పోసవ్వకు తన గురించి ఒక గట్టి నమ్మకం ఉండేది. తాను ఎవరి జోలికీ పోదని. ఆ మాట ఆమె రోజూ ఎవరో ఒకరితో అనేది, అదీ వాళ్ల వాకిట్లో నిలబడి అనేది. "నాకెందుకు గని" అని ఆమె మొదలుపెట్టిందంటే ఇంటివాళ్లు చేతిలో పని పక్కన పెట్టి, కాస్త సర్దుకుని కూర్చునేవాళ్లు. ఇప్పట్లో తెమలదని వాళ్లకు తెలుసు.

నిజాంసాగర్ కాలువ నీళ్లు పారడం మొదలైన కొత్తలో ఆమెకు నలభై ఏళ్లు ఉంటాయేమో. పెనిమిటి ముత్తెన్నకు కాలువ కింద వరి మళ్లు, కొంచెం ఎగువన చెరుకు. ఒక్కడే కొడుకు చందర్, వాడు పొద్దస్తమానం పొలంలోనే ఉండేవాడు. ముత్తెన్న చాలా తక్కువ మాట్లాడతాడని, లోతైన మనిషని ఊళ్లో పేరు. ఆ ఇంట్లో అతనికి మాట్లాడే సందు దొరకదన్న సంగతి ఎవరికీ తోచలేదు.

పోసవ్వ చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో జ్వరం వచ్చినా కషాయం పట్టుకుని ముందుగా చేరేది ఆమే. అయితే చేరాక ఊరుకునేది కాదు. బర్రెను పిండుతున్న ఆమెను లేపి, ఎట్లా పిండాలో చూపించేది. తొట్లో నిద్రపోతున్న పసిపిల్లను తల ఇటు కాదు అటు ఉండాలని తిప్పి పడుకోబెట్టేది, పిల్ల లేచి ఏడిస్తే చూశారా, ఇన్నాళ్లూ సరిగ్గా నిద్రపోలేదు పాపం అనేది. ఒకసారి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు పిల్ల అసలు వయసు చెప్పేసింది. తరువాత పిల్ల తల్లి పక్కన కూర్చుని, దాచిపెడితే రేపు మాట వచ్చేది నీకే కదా అని ఓదార్చింది కూడా.

ఆమెను ఓర్చుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఓర్చుకోనిది ఒక్కతే, నస్రుల్లాబాద్‌లో ఉన్న ఆడబిడ్డ భూమవ్వ. ముత్తెన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. తన కొడుకు పుట్టువెంట్రుకల పండుగ జరిగిన తరువాత భూమవ్వ పుట్టింటి గడప తొక్కడం మానేసింది. ఆ పండుగలో వంటంతా చెడిపోబోతుంటే తానే పొయ్యి దగ్గర కూర్చుని పరువు నిలబెట్టానని, ఆ చిన్నతనం తట్టుకోలేకే ఆడబిడ్డ మొహం చాటేసిందని పోసవ్వ చెప్పేది. పాపం, పొగరు ఎక్కువ అని జాలిపడేది.

ఒక ఏడు కోతలైపోయాక మరాఠ్వాడా వైపు నుంచి బహురూపులు దిగారు. పగటిపూట గల్లీ గల్లీ తిరిగి వేషాలు కట్టి, నవ్వించి, ఇంటింటా గింజలు అడుక్కునేవాళ్లు. వాళ్లలో మోతీరాం అనేవాడు ఏ ఊరు వెళ్లినా ముందు కొన్నాళ్లు ఊరికే కూర్చుని మనుషులను చూసేవాడు. తరువాత ఆ ఊరి నడకలు, ఆ ఊరి మాటలే వేషంలోకి తెచ్చేవాడు.

ఆరోజు వాడు పోసవ్వ ఇంటి గల్లీలో ఆడమనిషి వేషం కట్టాడు. చీర గోచీ పోసి కట్టి, నడుం మీద ఖాళీ కడవతో నీళ్లకు బయలుదేరాడు. అడుగు వేయబోయి ఆగాడు. కొంగు గట్టిగా లాగి నడుంలో దోపాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఒకామెకు వాకిలి ఊడవడం నేర్పాడు. ఇంకొకామె చేతిలోని చేట లాక్కుని తానే చెరిగాడు. పోట్లాడుకోని మొగుడూ పెళ్లాలకు రాజీ చేసి పోట్లాట పెట్టాడు. తిరిగి తిరిగి కడవ ఖాళీగానే ఇంటికి తెచ్చి, నీళ్లు నిండలేదేమని కడవనే తిట్టాడు.

గల్లీ అంతా నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వింది పోసవ్వ. కళ్లు తుడుచుకుంటూ, అందరికీ వినబడేలా, "గీమె ఎవరో నాకెర్కనే. మా ఆడిబిడ్డ భూమవ్వ అచ్చం గిట్లనే" అంది.

నవ్వు ఆగిపోయింది. వేషంలో ఉన్న మోతీరాం కూడా ఒక్క క్షణం ఆగాడు. ఆ తరువాత వచ్చిన నవ్వుకు పిట్టగోడ మీది పావురాలు లేచిపోయాయి. తన మాట అంత బాగా పేలిందనుకుని పోసవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

మధ్యాహ్నం మోతీరాం గింజలకు వచ్చాడు. పోసవ్వ సంబరంగా చేట నిండా వడ్లు పోసి, ఆ ఆడమనిషిని ఏ ఊళ్లో పట్టావని అడిగింది. మోతీరాం తొందరపడలేదు. ముందు సంచి మూతి రెండు ముళ్లు వేసి కట్టాడు. సంచి భుజానికి ఎత్తుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"ఇక్కడ్నే అవ్వా. గీ వాకిట్లనే."

ఆ పూటంతా పోసవ్వ నోరు తెరవలేదు. మరునాడు కూడా తెరవలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఎవరికైనా బాగాలేదేమోనని ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. చివరికి ఆమె మొగుణ్ణి నిలదీసింది. తాను నిజంగా అట్లా ఉంటుందా అని. ముత్తెన్న ఎడ్లకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లాడు. ఎడ్లకు నీళ్లు పెట్టి అప్పటికి ఎంతోసేపు కాలేదు.

ఇక మిగిలింది పక్కింటి అజీమున్నీసా. ఆమె పెనిమిటి కాసిం అంగడంగడి తిరిగి బట్టలమ్మేవాడు. అజీమున్నీసా పోసవ్వ కంటే కాస్త పెద్దది. పోసవ్వ ఆమెను అక్కలా చూసి ఆపా అనేది. వాళ్లింటికి వెళ్లేసరికి అజీమున్నీసా పాత చీరలు పరిచి బొంత కుడుతోంది. పోసవ్వ ఎదురుగా కూలబడి, వేషం సంగతి ఎత్తి, నిజం చెప్పమంది.

"నిజం చెప్పమంటవా, గట్ల లేవని చెప్పమంటవా?" అని అడిగింది అజీమున్నీసా.

"నిజమే చెప్పు, ఆపా."

"అయితే నేను చెప్పినంతసేపు నువ్వు మాట్లాడొద్దు."

తాను ఎప్పుడూ ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వింటానని, మధ్యలో మాట్లాడే అలవాటు తన పుట్టింట్లోనే ఎవరికీ లేదని, ఒక్క మేనత్తకు మాత్రం ఉండేదని, ఆ మేనత్తను ఎక్కడ ఇచ్చారంటే అంటూ పోసవ్వ అందుకుంది. అజీమున్నీసా ఏమీ అనకుండా ఒక సన్న సూది, దారం పోగు ఆమె చేతిలో పెట్టింది.

"దారం ఎక్కించు. ఎక్కినాకనే మాట్లాడు."

పోసవ్వ కళ్లు అప్పటికే కొంచెం మసకబారాయి. సూది బెజ్జం ఉందా లేదా అన్నట్టుంది. జవాబు చెబుదామని పెదవి కదిపినప్పుడల్లా చెయ్యి కదిలి దారం పక్కకు పోయేది. మళ్లీ కొస తడిచేసి, ఊపిరి బిగబట్టి, మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వచ్చేది. అట్లా జీవితంలో మొదటిసారి ఆమె ఒక మనిషి చెప్పింది చివరిదాకా విన్నది.

అజీమున్నీసా కుట్టు ఆపకుండానే చెప్పింది. నువ్వు మంచికే వస్తావు, కాదనను అంది. మా పిల్లకు అమ్మవారు పోసినప్పుడు నా పక్కన కూర్చున్నది నువ్వే. కానీ పిలవకముందే వస్తావు. ఎవరైనా తమ కష్టం సగం చెప్పకముందే నువ్వు మందు చేతిలో పెడతావు. మిగతా సగం వాళ్లు ఇంటికి తీసుకుపోతారు. నీ నోరు నీకు దొరకదు, అది నీకంటే ముందు నడుస్తుంది. దాని బదులు చేతిని చూసుకో. ఎవరి పనిలోకైనా దిగబోయే ముందు నీ చెయ్యి కొంగు లాగి నడుంలో దోపుతుంది. ఆ బహురూపులవాడు పట్టింది అదే.

దారం ఎక్కింది. పోసవ్వ సూదిని ఆపా చేతికిచ్చింది.

"మా భూమవ్వ గందుకేనా వస్తలేదు?"

"నాకెట్ల తెలుస్తది? ఆమెనే అడుగు" అంది అజీమున్నీసా.

మరునాటి నుంచి పోసవ్వ తన చేతికి తానే కాపలా కాసింది. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వీధిలో ఎవరో పిల్లను కోప్పడుతున్న గొంతు వినబడితే చాలు, చెయ్యి కొంగు మీద ఉండేది. పక్కింట్లో పప్పు మాడిన వాసన వస్తే, తాను వాసన పట్టకముందే చెయ్యి పట్టేది. అప్పుడు ఆగి, "పిలిచిండ్రా?" అని తనను తాను అడుక్కునేది. పిలవలేదు. కొంగు వదిలేది. వదిలినా మనసు ఆ ఇంటి వైపే లాగేది. ఆ లాగుడు ఏమిటో చూద్దామని ఒకరోజు అరుగు మీద ఊరికే కూర్చుంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. చిన్నతనంలోనే కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఆ పిల్ల అనేవాళ్లు. ఒక పెళ్లిలో అన్నం అడుగంటుతుంటే కట్టెలు లాగి, తడిగుడ్డ కప్పి, ఆ అన్నం దక్కించింది. పోసవ్వ లేకుంటే ఏమయ్యేదని ఆరోజు అందరూ అన్నారు. ఆ ఒక్క మాట మళ్లీ వినబడుతుందేమోనని ఇన్నేళ్లుగా తాను ఇంటింటికీ వెతుక్కుంటోంది. ఆ సంగతి తోచగానే ఆమెకు ఏడుపొచ్చింది, తరువాత తన మీద తనకే కాస్త నవ్వు వచ్చింది.

అయితే ఈ సాధనలో నష్టాలూ ఉన్నాయి. ఒకరోజు ఎవరిదో బర్రె పలుపు తెంపుకుని వచ్చి, నాటుకు సిద్ధంగా ఉన్న ముత్తెన్న నారుమడిలో పడింది. గట్టు మీద నిలబడ్డ పోసవ్వ చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆమె పళ్లు బిగించి, పిలిచారా అని అడుక్కుంది. ఎవరూ పిలవలేదు. బర్రె నిమ్మళంగా మేసింది. ముత్తెన్న వచ్చేసరికి మడిలో మూలకు కొంచెం నారు మిగిలింది. ఎందుకు తోలలేదని అడిగితే, నేను ఎవరి జోలికీ పోవడం లేదని ఆమె గొప్పగా చెప్పింది.

ఆరోజు ముత్తెన్న మాట్లాడాడు. బర్రె గురించి, నారు గురించి, పెళ్లైనప్పటి నుంచీ చెప్పాలనుకున్న చాలా విషయాల గురించి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. పోసవ్వ నోరెళ్లబెట్టి విన్నది. తన మొగుడు లోతైన మనిషేమీ కాదని, సందిస్తే ఎడ్ల సంగతి పూటంతా చెప్పగలడని ఆమెకు ఆరోజే తెలిసింది. తన మడిలో పడ్డ బర్రె తన జోలికే వచ్చినట్టని కూడా ఆమె ఆరోజే నేర్చుకుంది.

అడిగి తెచ్చిన నారుతో నాట్లయ్యాక ఇద్దరూ కచ్చడం బండి కట్టుకుని నస్రుల్లాబాద్ వెళ్లారు. భూమవ్వ వాకిట్లో వదినెను చూసి కాళ్లకు నీళ్లిచ్చింది గానీ నవ్వలేదు. భూమవ్వ ముసలి అత్త మంచంలో కూర్చుని ఉంది. భోజనాలు వడ్డించారు. పోసవ్వ చారు పోసుకుని ఒక ముద్ద తిన్నది. ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, అసలు వేసిన జాడే లేదు. ఎడమచెయ్యి కొంగు కోసం లేచింది. ఆమె ఆ చేతిని తొడ కింద పెట్టి దాని మీద కూర్చుంది. రెండో ముద్ద తిన్నది. మూడోది కూడా మింగింది. ముత్తెన్న చెల్లెలి వంక, భార్య వంక మార్చి మార్చి చూస్తున్నాడు.

భూమవ్వ ఉండబట్టలేక అడిగింది. "ఏమన్న తక్కువైందా వదినె?"

"ఉప్పు లేదు. నువ్వడిగినవ్ కాబట్టి చెప్తున్న" అంది పోసవ్వ.

భూమవ్వ గరిటె కింద పెట్టింది. "కావాల్ననే వెయ్యలే. నువ్వు లేసి పొయికాడికి వస్తవా రావా అని చూసిన."

పోసవ్వ కంచంలో చెయ్యి కడుక్కుంది. ముసలావిడకు కూడా వినబడేటట్టు, ఆనాటి పండుగలో భూమవ్వను పొయ్యి ముందు నుంచి లేపడం తన తప్పని చెప్పింది. అడగకుండా చింతపండు పిసికి పోశానని, చారు దక్కిందే గానీ ఆడబిడ్డ మనసు నొచ్చిందని చెప్పింది.

మంచంలోంచి ముసలావిడ, "చారు యాడ దక్కింది బిడ్డా, నాలికె కొరికినంత పులుపు. గిప్పటికి మా ఊర్ల దీన్ని పుల్ల భూమవ్వ అనే పిలుస్తరు" అంది.

పోసవ్వకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆమె పరువు నిలబెట్టాననుకున్న చారును ఊరంతా మొహాలు చిట్లించుకుని తాగిందన్నమాట. ఆమె పోసిన పులుపుకు పేరు మాత్రం భూమవ్వకు వచ్చిందన్నమాట. ఆమె మెల్లగా లేచి ఆడబిడ్డ పక్కన కూర్చుంది.

"గా చారు మొదట మంచిగనే ఉండె. నేనే పాడు చేసిన. ఎవ్వలడిగినా నేనే చెప్త" అంది.

భూమవ్వ మొహం కదిలింది. ఏడుస్తుందేమో అనుకున్నారు గానీ నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్లి ఉప్పు తెచ్చింది. పోసవ్వ మాట నిలబెట్టుకుంది. తిరిగి వచ్చేలోగా ఆ వీధిలో ఇంటింటికీ వెళ్లి చారు సంగతి చెప్పింది. వాళ్లెవరూ అడగలేదని ముత్తెన్న గుర్తు చేశాడు. ఇది లెక్కలోకి రాదని ఆమె అంది. మరుసటి పండుగకు భూమవ్వ పిల్లలతో సహా బాన్సువాడ వచ్చింది.

ఆ తరువాత పోసవ్వ మూగదేమీ కాలేదు. ఎప్పటిలాగే మాట్లాడేది, అప్పుడప్పుడూ దారి తప్పేది. కానీ గడప దగ్గర ఆగి చెప్పమంటారా, వద్దా అని అడగడం మొదలుపెట్టింది. కొందరు వద్దనేవాళ్లు. మొదట్లో అది చెంపదెబ్బలాగే తగిలేది.

కొన్నేళ్లకు, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, దేవిదాస్, సాంబమూర్తి అనే ఇద్దరు పొత్తు రైతులు చెరుకు గానుగ ఎవరు ముందు ఆడించుకోవాలన్న దాని మీద మాటామాటా అనుకున్నారు. ఆమె ఇప్పుడు పూర్తిగా వింటుందని పేరు రావడంతో తామే వచ్చి కూర్చుని తీర్పు చెప్పమన్నారు. పోసవ్వ ఇద్దరివీ మొదటి నుంచి చివరిదాకా విన్నది. చాలాసేపు ఆలోచించింది.

"నాకు తెల్వది" అంది.

వాళ్లు బిత్తరపోయారు. పోసవ్వ నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు. అందులో ఏదో లోతు ఉండి ఉంటుందనుకుని దారిపొడుగునా దాన్ని తర్కించుకుంటూ వెళ్లారు. గానుగ దగ్గరికి చేరేసరికి ఇద్దరూ తమలో తామే ఒక మాటకు వచ్చారు. అరుగు మీద పోసవ్వ ఆ మాటను ఇంకోసారి మెల్లగా అనుకుని చూసింది. నోటికి హాయిగానే ఉంది.