ఫోన్‌లోనే తోడున్న కోరుట్ల గంగన్న

నిన్న పొద్దున ఆరున్నరకు మా ఆయన రమేష్ కోరుట్లలోని గంగన్నకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

ఏడు దాటాక అదే నంబర్ నుంచి కాల్ వచ్చింది. ఎవరో ఆడమనిషి.

"ఆయన లేడు. తెల్లారంగ గుండె నొప్పి అచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది."

రమేష్ వచ్చి ఆ మాటే నాకు చెప్పాడు.

గంగన్న పోవడమేంటి? మొన్న కూడా నవ్వుతూ మాట్లాడాడు కదా?

మా వాళ్లలో ఎవరికీ గంగన్న తెలియదు. మేమే చెప్పలేదు. ఈరోజు రమేషే "అందరికీ తెల్వనియ్, రాయి" అన్నాడు.

గంగన్న ఆన్‌లైన్ రికవరీ కోచ్. తాగుడు మానాలనుకునేవాళ్లకు రోజూ వీడియో కాల్‌లో తోడుండేవాడు. ఒకప్పుడు దుబాయ్‌లో డ్రైవర్. తాగుడు వల్లే ఆ ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి మానేశాడు. తర్వాత ట్రైనింగ్ తీసుకుని, జగిత్యాలలో ఒక హార్డ్‌వేర్ షాపులో పని చేస్తూనే ఈ కాల్స్ మాట్లాడేవాడు.

నాకు మొదట నమ్మకం కుదరలేదు.

అంతకుముందు ఆన్‌లైన్‌లోనే ఒకాయన గ్యారంటీ అని చెప్పి ఏదో పౌడర్ పంపాడు. అది పని చేయలేదని అడిగితే మమ్మల్ని బ్లాక్ చేశాడు. ఫోన్‌లో ఎవరైనా కోచ్ అని పేరు పెట్టుకోవచ్చు, అడిగేవాళ్లు ఎవరు?

అందుకే గంగన్నను నేరుగా అడిగాను, "మీరు డాక్టరా?" అని.

"కాదు చెల్లె. తాగి మానినోన్ని. గంతే."

ఆ జవాబు నాకు నచ్చింది.

రమేష్ సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. డీఅడిక్షన్ సెంటర్‌కు వెళ్తే సాయంత్రానికల్లా షెడ్డంతా తెలిసిపోతుందని ఆయన భయం. ఫోన్ అయితే ఆ బాధ లేదు. డాబా మీద, వాటర్ ట్యాంక్ పక్కన, చెవుల్లో ఇయర్‌ఫోన్స్.

మొదటి రోజు కెమెరా కూడా ఆన్ చేయలేదు. ఆన్ చేయమని నేను మెట్ల మీద నుంచే అరిచాను. రమేష్ ఇంకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోలేదు, స్పీకర్‌లోంచి గంగన్న గొంతు వినిపించింది.

"ఉండనియ్ చెల్లె. నిన్ను చెల్లె అన్నంక ఆయన నాకు బావ. బావను బలవంతం జేస్తమా?"

రమేష్ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో.

కానీ ఫోన్ అన్నీ చేయలేదు.

తాగుడు ఆపిన మూడో రోజు రమేష్ చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. గోడ మీద లేని పురుగులను చూపిస్తున్నాడు. నేను కెమెరా ఆయన వైపు తిప్పాను. గంగన్న గొంతు మారిపోయింది.

"చెల్లె, గిది నాతోని అయ్యేది కాదు. ఒక్కపారే బంద్ జేస్తే పాణం మీదికి అస్తది. ఇప్పుడే దవాఖానకు తీస్కపో. ఎంత తాగేటోడో డాక్టర్‌కు దాచకుండ చెప్పు."

ఆటోలో వెళ్తున్నంతసేపూ కాల్ కట్ చేయలేదు. డాక్టర్ వచ్చి చూశాకే పెట్టేశాడు. ఐదు రోజులు అడ్మిట్ చేశారు.

మూడు నెలలు బాగానే గడిచాయి. తర్వాత మళ్లీ మొదలు.

ఈసారి కెమెరా ఆన్‌లోనే ఉండేది. రమేష్ మొహం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చుని "తాగలేదు" అనేవాడు. గంగన్న నమ్మేవాడు. నాకు ఒళ్లు మండి ఫోన్ లాక్కున్నాను.

"అన్నా, నా లెక్క పక్కకు కూసుంటే ఎరుకైతది. మీకు వాసన రాదు గదా!"

గంగన్న ఒప్పుకున్నాడు.

"నిజమే చెల్లె. ఫోనుకు ముక్కు లేదు."

ఆ ఆదివారం బస్సెక్కి మా ఇంటికే వచ్చేశాడు. మేం కలవడం అదే మొదలు, అదే చివర. స్క్రీన్‌లో పెద్ద మనిషిలా కనిపించేవాడు, చూస్తే నా భుజం దాకా వచ్చాడు! పప్పుచారు రెండుసార్లు పోయించుకుని, రమేష్‌ను మానేరు వాగు వైపు నడకకు తీసుకెళ్లాడు.

తిరిగొచ్చి ఆయన వెళ్లిపోయాక నేను ఆగలేక రమేష్‌ను అడిగాను. బాగా తిట్టాడా?

"తిట్టలే. 'తొమ్మిదేండ్లయింది బావా, మొన్న నాకు గూడ తాగబుద్ధయ్యింది. ఎవలికి చెప్పాల్నో తెల్వక నీ దగ్గరికి అచ్చిన' అన్నడు."

రమేష్ కూడా ఆ రోజే నిజం చెప్పేశాడట. అప్పటి నుంచి ఏడాదిన్నర. ముట్టలేదు.

నిన్న జగిత్యాలలో బస్సు మారి కోరుట్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో చాలామంది ఉన్నారు. ఎవరికి ఎవరూ తెలియనట్టు దూరదూరంగా నిలబడ్డారు. గంగన్న భార్య పుష్ప వదిన మమ్మల్ని చూసి అడిగింది.

"మీరు ఏ టైమోళ్లు?"

నాకు అర్థం కాలేదు. ఆమె గంగన్న ఫోన్ చూపించింది. అందులో ఒక్క పేరు లేదు, నంబర్లన్నీ టైముల మీదే సేవ్ చేసి ఉన్నాయి. ఐదున్నర. ఆరున్నర. ఏడు.

"ఎవలి పేరు నాకు గూడ చెప్పలే ఆయన. టైములే ఎరుక నాకు."

"పొద్దున ఆరున్నర, అక్కా" అన్నాడు రమేష్. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు. "నా పేరు రమేష్. మాది సిరిసిల్ల. తాగుడు బంద్ జేసిన."

గోడ పక్కనున్న తెల్లజుట్టు పెద్దాయన తలెత్తాడు. "నాది ఏడు గంటలు."

ఒక తల్లి కళ్లు తుడుచుకుంది. "మా కొడుకుది పొద్దుమూకి ఆరు గంటలు. ఖతర్ల ఉంటడు. చివరి చూపుకు రాలేకపాయె."

బస్సులో వస్తుంటే ఒకటే ఆలోచన. గంగన్న రోజూ మమ్మల్ని "ఎట్లున్నరు?" అని అడిగేవాడు. మేం ఆయన్ని ఎన్నిసార్లు అడిగాం? స్క్రీన్‌లో మొహమే కదా కనిపించేది. మొన్న ఆయనకు ఛాతీలో నొప్పి ఉందా? నవ్వుతూనే దాచాడా? ఇక ఎప్పటికీ తెలియదు.

ఈరోజు పొద్దున రమేష్ మళ్లీ డాబా ఎక్కాడు. ఏడు గంటల పెద్దాయన నంబర్ నిన్ననే తీసుకున్నాడట. కింద నుంచి విన్నాను.

"నా సంగతి తర్వాత గని, ముందు మీరు చెప్పున్రి. నిన్న పండుకున్నరా? తిన్నరా?"

వెళ్లి రండి గంగన్నా. ఇప్పుడైనా మీరు నిశ్చింతగా విశ్రాంతి తీసుకోవాలి.